కొండ మీద డ్యూటీ

సోమందేపల్లెలో మంచు అంటే పుష్యమాసం తెల్లారుజామున మల్బరీ తోటల మీద పట్టే తడి. పొద్దు బారెడెక్కేసరికి అదీ ఉండదు. సముద్రమట్టానికి దాదాపు రెండువేల అడుగుల ఎత్తున, పెనుకొండకూ హిందూపురానికీ దగ్గర్లో, హైదరాబాదు-బెంగుళూరు రహదారిని ఆనుకుని ఉన్న మండలం ఇది. పాత అనంతపురం జిల్లా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. వాన మొహం చాటేసిన ఏడు ఇంటికి తాళమేసి బెంగుళూరుకో ముంబైకో కూలికి పోవడం ఇక్కడి పల్లెలకూ తండాలకూ కొత్త కాదు. చదువుకున్న పిల్లలకు కనిపించే ఇంకో దారి మిలిట్రీ.

ఆ దారిన పోయినవాడే మురళీ నాయక్. సొంతూరు గోరంట్ల మండలం కల్లితండా, చదువుకున్నది సోమందేపల్లెలో. తల్లిదండ్రులు ముంబైలో కూలిపనులు చేసి పెంచారు. 2022లో అగ్నివీర్‌గా సైన్యంలో చేరాడు. 2025 మే నెలలో, ఆపరేషన్ సిందూర్ రోజుల్లో, జమ్మూ కశ్మీర్ నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో ప్రాణాలు విడిచాడు. ఆ కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షల రూపాయలు, ఐదెకరాల పొలం, 300 గజాల ఇంటిస్థలం, ఒక ప్రభుత్వోద్యోగం ప్రకటించింది. చుట్టుపక్కల ఊళ్లన్నీ కల్లితండాకు కదిలొచ్చాయి.

ఆ సాయం న్యాయమైనది. అయితే అది ప్రభుత్వం మనసుపెట్టి ఇచ్చింది. సైనికుడు తన హక్కుగా అడిగి తీసుకునేది వేరే ఉంది. శవపేటికలో వచ్చినవాడి ఇంటిముందు మంత్రులు నిలబడతారు. కాలివేళ్లు మంచులో పోగొట్టుకుని, ఊపిరితిత్తులు పాడై, కుంటుకుంటూ బస్సు దిగినవాడి ఇంటిముందు ఎవరూ నిలబడరు. అతని చేతిలో ఉండేది మెడికల్ బోర్డు రాసిన ఒక కాగితం. ఆ కాగితం మీది ఒకటి రెండు మాటలను బట్టే బతుకంతా పెన్షన్ వస్తుందో రాదో తేలుతుంది. ఆ మాటలు ఎక్కడ పుట్టాయో, కొండ గాయాన్ని అవి ఎలా కొలిచాయో చెప్పే చరిత్ర పెద్దది. తెలుగువాళ్ల పేర్లు అందులో తక్కువేమీ కావు.

తూటాకు సాక్ష్యం అక్కర్లేదు. 1965 మే 29న ఎవరెస్టు ఎక్కిన మేజర్ హెచ్.పి.ఎస్. అహ్లువాలియా అదే ఏడాది పాకిస్తాన్‌తో యుద్ధంలో బుల్లెట్ తగిలి చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. ఢిల్లీలో ఇండియన్ స్పైనల్ ఇంజురీస్ సెంటర్ నెలకొల్పింది ఆయనే. ఆ గాయం ఎక్కడ, ఎవరివల్ల తగిలిందని అడిగే అవసరం ఎవరికీ రాలేదు. కొండ గాయం అలాంటిది కాదు. అది నెమ్మదిగా, లోపల్నుంచి పనిచేస్తుంది. చలికి శరీరం గుండెనూ మెదడునూ కాపాడుకోవడానికి వేళ్లకు పోయే రక్తాన్ని తగ్గించేస్తుంది. వేళ్లు ముందు మొద్దుబారతాయి, తర్వాత తెల్లబడతాయి, చివరకు నల్లబడి తీసేయాల్సి వస్తుంది. ఎత్తు మరో దెబ్బ. పల్చటి గాలిలో ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి, నిన్న మంచుమీద బరువులు మోసిన కుర్రవాడు ఈ రోజు ఊపిరాడక పడిపోతాడు.

ఈ జబ్బును మన సైన్యం పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు. 1962లో చైనాతో యుద్ధానికి మైదానాల్లోని బెటాలియన్లను నూలు యూనిఫారాలతో, కాన్వాసు బూట్లతో పద్నాలుగువేల అడుగులకు పంపారు. కొండగాలికి అలవాటుపడే వ్యవధి కూడా దొరకలేదు. తూటాలకంటే ముందు చలి చాలామందిని పడగొట్టింది. ఆ తర్వాతే వైద్యులు లెక్కలు తీశారు. ఎత్తులో ఊపిరితిత్తులు నీరుపట్టిన 101 మంది రోగులను పరిశీలించి మీనన్ అనే సైనిక వైద్యుడు 1965లో రాసిన వ్యాసం అమెరికాలో అచ్చయింది. 1969లో ఇందర్ సింగ్ బృందం 1,925 మంది జవాన్లను గమనించి రాసిన వ్యాసం ప్రపంచంలోని పర్వతారోహకులందరికీ పాఠమైంది. మన సైన్యం ఇప్పటికీ పాటించే క్రమం ఆ అనుభవం మీద నిలిచిందే: తొమ్మిదివేల అడుగులు దాటాక ఆరు రోజులు, పన్నెండువేలు దాటాక మరో నాలుగు, పదిహేనువేలు దాటాక ఇంకో నాలుగు రోజులు ఆగి ఒంటిని అలవాటు చేసుకోవాలి. రెండువేల అడుగుల సోమందేపల్లె నుంచి వెళ్లినవాడికీ, సముద్రపుటొడ్డున పుట్టినవాడికీ నియమం ఒకటే.

వైద్యశాస్త్రం కొండను శత్రువుగా ఒప్పుకుంది. పెన్షన్ ఆఫీసు ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది.

యుద్ధంలో చెడిన సైనికుడికి డబ్బివ్వడం ఈ గడ్డమీద పాత సంగతే. మీర్ జాఫర్ వదిలివెళ్లిన ఐదు లక్షల రూపాయలతో రాబర్ట్ క్లైవ్ 1770లో ఒక నిధి పెట్టాడు. కంపెనీ కొలువులో చెడిపోయిన యూరోపియన్ సైనికులకూ వాళ్ల వితంతువులకూ అది ఆసరా. మద్రాసు పటాలాల్లో తుపాకి మోసిన తెలుగు, తమిళ సిపాయికి అందులో పాలు లేదు. నేటి మన నియమాల ఆయువుపట్టయిన మాట మాత్రం మొదటి ప్రపంచ యుద్ధకాలపు బ్రిటన్ నుంచి వచ్చింది. బురద కందకాల్లో పాదాలు కుళ్లినవాళ్లూ, క్షయ ముదిరినవాళ్లూ లక్షల్లో ఇంటికి తిరిగొచ్చినప్పుడు వాళ్ల జబ్బు సైనిక సేవవల్ల వచ్చిందా, లేక ముందే ఉండి సేవవల్ల ముదిరిందా అని అక్కడి అధికారులు అడిగారు. రెంటిలో ఏదైనా పెన్షన్ ఇవ్వాల్సిందే. రెండూ కాదంటే పైసా లేదు.

స్వతంత్ర భారతం ఆ కొలబద్దనే ఉంచుకుంది. 1961 నాటి ఆర్మీ పెన్షన్ నిబంధనల్లో 173వ నిబంధన రెండు షరతులు పెట్టింది. వైకల్యం సేవవల్ల వచ్చిందో ముదిరిందో అయ్యుండాలి, మెడికల్ బోర్డు దాన్ని 20 శాతమో అంతకుమించో లెక్కకట్టాలి. ఇరవైకి ఒక్క శాతం తగ్గినా తలుపు మూసుకుంటుంది. మిలిట్రీ ఆస్పత్రుల్లో జవాన్ల నోట నిత్యం నలిగే ‘ఎంత పర్సంట్ వేశారు’ అన్న ప్రశ్నకు మూలం అదే.

దీనికి అనుబంధంగా 1982లో వచ్చిన నియమావళిలో పన్నెండో నియమం ‘డ్యూటీ’ అంటే ఏమిటో వివరించింది. కాపలా కాయడం, కవాతు చేయడం డ్యూటీ అని అందరికీ తెలుసు. మరి కొండెక్కడం? సైన్యానికి ఈ ప్రశ్న ఊరికే రాలేదు. 1948 చివర్లో జనరల్ తిమ్మయ్య చొరవతో గుల్‌మార్గ్‌లో మొదలైన స్కీ బడి తర్వాత హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ అయింది. 1954లో డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. దాని మొదటి ప్రిన్సిపాల్ మేజర్ నందు జయాల్ సైనికుడే. 1958లో చో ఓయూ శిఖరయాత్రలో ఎత్తు తాళలేక కన్నుమూశారు. సైనికులు కొండలెక్కుతున్నారు, కొందరు తిరిగి రావడం లేదు, వచ్చినా కొందరు మునుపటిలా రావడం లేదు. వాళ్లను ఏ లెక్కలో రాయాలన్నది తేల్చక తప్పలేదు.

నియమం తేల్చిన తీరు ఇది. సైనిక ప్రధాన కార్యాలయం ఆమోదంతో సైన్యమే నిర్వహించిన పర్వతారోహణ యాత్రలో పాల్గొంటే డ్యూటీలో ఉన్నట్టే. డార్జిలింగ్ సంస్థలో శిక్షణకు పంపితే మిగతా వృత్తి కోర్సులతో సమానమే, అక్కడ కాలు విరిగినా ప్రాణం పోయినా పెన్షన్ హక్కు ఉంటుంది. ప్రైవేటుగా నడిపే యాత్రకు తన ఇష్టంతో వెళ్తే మాత్రం డ్యూటీ కాదు. పై అధికారి ముందుగా అనుమతిచ్చినా సరే, డ్యూటీ కాదు.

ఈ చివరి వాక్యాన్ని జవాన్లు రెండుసార్లు చదువుకోవాలి. సెలవు మంజూరైందన్న ధైర్యంతో స్నేహితులతో శిఖరమెక్కబోయి పడినవాడూ, పై ఉత్తర్వుతో అదే శిఖరమెక్కుతూ అదే చోట పడినవాడూ ఆస్పత్రిలో పక్కపక్క మంచాల మీద ఉండొచ్చు. ఒకే ఎముక విరిగి ఉండొచ్చు. ఒకడికి జీవితాంతం పెన్షన్, రెండోవాడికి సానుభూతి.

తెలుగునేల మీద ఈ గీతకు రెండువైపులా నిలిచిన ఇద్దరి కథ విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక పాఠశాలలో కలుస్తుంది. ఆ బడి పూర్వవిద్యార్థి లెఫ్టినెంట్ ఎం. ఉదయ భాస్కరరావు 1985లో భారత సైన్యం నడిపిన ఎవరెస్టు యాత్రలో సభ్యుడు. ఆ శరదృతువులో యాత్ర విషాదమైంది. మేజర్ కిరణ్ ఇందర్ కుమార్ జారిపడి మరణించారు. ఆపైన ఎవరెస్టు మీది సౌత్ కోల్ కనుమ దగ్గర తుఫానులో చిక్కుకుని మేజర్ జై బహుగుణ, మేజర్ రంజీత్ సింగ్ బక్షి, కెప్టెన్ విజయపాల్ సింగ్ నేగి, ఉదయ భాస్కరరావు ప్రాణాలు వదిలారు. జై బహుగుణ అన్న మేజర్ హర్ష్ బహుగుణ 1971లో ఇదే కొండమీద మంచుతుఫానులో పోయారు. ఒకే తల్లి బిడ్డలిద్దరినీ ఒకే కొండ తీసుకుంది. 1985 యాత్ర సైన్యం సొంతంగా నడిపినది గనుక నియమం ప్రకారం ఆ ఐదుగురూ డ్యూటీలో పోయినవాళ్లే.

కోరుకొండ బడిలో ఉదయ భాస్కరరావు విగ్రహం పెట్టారు. ఆ విగ్రహాన్ని రోజూ చూస్తూ పెరిగిన పిల్లవాడు నెల్లూరు జిల్లా గాంధీ జనసంగానికి చెందిన మల్లి మస్తాన్ బాబు. 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కి రికార్డు సృష్టించాడు. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ కనిపించకుండా పోయాడు. ఏప్రిల్ మొదట్లో దేహం దొరికింది. సొంతూళ్లో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఆయన సైనికుడు కాదు, ఎవరూ పంపగా వెళ్లలేదు. గురువుగా భావించిన విగ్రహానికి వర్తించిన ‘డ్యూటీ’ అన్న మాట శిష్యుడికి వర్తించే వీలే లేదు. అదే కోరుకొండలో చదివిన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15న గల్వాన్‌లో చైనా సైనికులతో ఘర్షణలో అమరుడయ్యాడు. తెలంగాణ ప్రభుత్వం ఆయన కుటుంబానికి 5 కోట్ల రూపాయలు, ఇంటిస్థలం, భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. అదే ఘర్షణలో పోయిన మిగతా 19 మంది కుటుంబాలకు పదేసి లక్షలు ఇచ్చింది. కోరుకొండ ఇచ్చిన ముగ్గురిదీ కొండ చావే, లెక్కలు మాత్రం మూడు.

సియాచిన్ వచ్చాక ఈ లెక్క మరీ ముఖ్యమైంది. 1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్‌తో మన సైన్యం ఆ హిమనదం ఎత్తులను పట్టింది. అప్పటినుంచీ అక్కడ శత్రువు తూటాలకంటే చలీ, మంచుచరియలూ, హిమనదంలోని పగుళ్లూ ఎక్కువమందిని బలిగొన్నాయి. 2003 నవంబరులో కాల్పుల విరమణ వచ్చింది గానీ కొండ ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టలేదు. 2016 ఫిబ్రవరి 3న 19,600 అడుగుల ఎత్తున సోనమ్ పోస్టు మీద మంచుచరియ విరిగిపడి మద్రాస్ రెజిమెంట్ 19వ బెటాలియన్‌కు చెందిన పదిమంది సమాధయ్యారు. ఆరు రోజుల తర్వాత ప్రాణంతో బయటపడిన లాన్స్‌నాయక్ హనుమంతప్ప కొప్పద్ 11న ఢిల్లీలో కన్నుమూశాడు. ఆ పదిమందిలో ఒకడు అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లె సిపాయి ముస్తాక్ అహ్మద్. నల్లమల పక్కనుండే ఎండనేల నుంచి ప్రపంచంలోనే ఎత్తైన యుద్ధభూమికి వెళ్లిన రాయలసీమ బిడ్డ.

2001 జనవరి 31న రక్షణ శాఖ ఇచ్చిన ఉత్తర్వు గాయాలనూ మరణాలనూ ఏ నుంచి ఈ దాకా ఐదు తరగతులు చేసింది. సేవతో సంబంధం లేని జబ్బులు మొదటిది, సేవవల్ల వచ్చినవి రెండోది, డ్యూటీలో ప్రమాదాలు మూడోది, ఉగ్రవాదుల దాడి వంటివి నాలుగోది, యుద్ధమూ కేంద్రం ప్రత్యేకంగా ప్రకటించిన ఆపరేషన్లూ ఐదోది. కొండ గాయం మూడోదా ఐదోదా అన్న చోటే వాదాలు పుడతాయి. ఆ తేడా ఎంతో తెలియాలంటే చిన్న లెక్క వేయాలి. నెలకు 40 వేల జీతమున్న జవానుకు 20 శాతం వైకల్యం వచ్చిందనుకుందాం. నూరు శాతానికి జీతంలో 30 శాతం చొప్పున, అతని వైకల్యపు వాటా 2,400. అదే ఉత్తర్వు ప్రకారం 50 శాతం లోపుదాన్ని 50గా లెక్కించాలి గనుక అది 6,000 అవుతుంది. గాయాన్ని యుద్ధగాయంగా ఒప్పుకుని అతన్ని సేవ నుంచి పంపేస్తే ఆ వాటా 20,000. పోయిన వేళ్లు అవే, కాగితం మీది అక్షరం మారితే ఇంటి బతుకు మారుతుంది.

ఇక మరణించినవారి కుటుంబానికి కేంద్రం ఒక్కసారిగా ఇచ్చే మొత్తం. 2016 జనవరి 1 నుంచి డ్యూటీలో ప్రమాదానికి 25 లక్షలు, సరిహద్దు ఘర్షణకు 35 లక్షలు, యుద్ధానికి 45 లక్షలు. ఎత్తైన సరిహద్దు పోస్టుల్లో వాతావరణం వల్ల చనిపోయినవారికి ప్రత్యేకంగా ఒక వరుస పెట్టి 35 లక్షలు రాశారు. మంచును సరిహద్దు ఘర్షణతో సమానం చేసిన వరుస అది.

నియమాలు ఇంత వివరంగా ఉన్నా డబ్బు చేతికందే దారి పొడవైనది. గాయమైన వెంటనే యూనిట్ ఇంజురీ రిపోర్టు రాయాలి. పెద్దదైతే కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ జరగాలి. ఆ తర్వాత ఆస్పత్రి, మెడికల్ కాటగిరీ, పంపేటప్పుడు మెడికల్ బోర్డు. ఫైలు రికార్డు ఆఫీసు మీదుగా ప్రయాగ్‌రాజ్ (పాత అలహాబాదు) పెన్షన్ కార్యాలయానికి పోతుంది. మద్రాస్ రెజిమెంట్ జవానుకు రికార్డులుండేది నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో. కాదన్న జవాబొస్తే అప్పీళ్లు. అక్కడా కాదంటే 2007 చట్టంతో ఏర్పడి 2009లో పని మొదలుపెట్టిన సాయుధ దళాల ట్రిబ్యునల్. ఆంధ్రప్రదేశ్ దాని చెన్నై బెంచి పరిధిలోకి వస్తుంది. సోమందేపల్లె మనిషికి గాయం లడఖ్‌లో, రికార్డు వెల్లింగ్టన్‌లో, లెక్క ప్రయాగ్‌రాజ్‌లో, న్యాయం చెన్నైలో. ఈ నాలుగింటినీ కుంటికాలితో చుట్టాలి.

కోర్టులు ఈ మధ్య జవాన్ల వైపు మొగ్గాయి. 2013 జులైలో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మలుపు. చేరేటప్పుడు వైద్యపరీక్షలో నెగ్గి, ఏ జబ్బూ రాయకుండా తీసుకున్నాక, తర్వాత వచ్చిన జబ్బు సేవవల్లే వచ్చిందని భావించాలి, కాదని రుజువు చేయాల్సింది ప్రభుత్వమే అన్నది దాని సారం. జవాను మెడమీది బరువు ఆఫీసు మెడమీదికి మారింది. 2024 డిసెంబరు 3న సుప్రీంకోర్టే ఇచ్చిన మరో తీర్పు నేరుగా చలి గురించే. నియంత్రణ రేఖ దగ్గర గస్తీలో తీవ్రమైన వాతావరణానికి ఊపిరాగి చనిపోయిన జవాను భార్యకు లిబరలైజ్డ్ కుటుంబ పెన్షన్ ఇవ్వాల్సిందేనంటూ, ఆమెను అంతదూరం కోర్టుకు లాగినందుకు ప్రభుత్వం 50 వేల రూపాయల ఖర్చులు చెల్లించాలని ఆదేశించింది. 2025 ఏప్రిల్‌లో సియాచిన్‌లో పనిచేస్తూ మూర్ఛ రోగం బారిన పడి 1989లో ఇంటికి పంపబడిన ఒక జవానుకు 50 శాతం వైకల్య పెన్షన్ మంజూరైంది. ముప్పై ఆరేళ్లు. పాతికేళ్లలోపు కుర్రవాడిగా సియాచిన్ దిగినవాడు అరవైకి దగ్గరపడ్డాక ఆ మాట విన్నాడు. మధ్యలో వాయిదాల మీద ఆశ వదులుకున్నవాళ్ల పేర్లు ఏ తీర్పులోనూ ఉండవు.

ఇంతలో మరో మార్పు జరిగింది. 2022 జూన్ 14న అగ్నివీర్లను చేర్చుకునే అగ్నిపథ్ పథకం ప్రకటించారు. నాలుగేళ్ల సేవ, ఆఖర్లో సుమారు 11.71 లక్షల సేవానిధి, 48 లక్షల బీమా. డ్యూటీలో మరణిస్తే 44 లక్షల పరిహారం. వైకల్యం వస్తే స్థాయిని బట్టి 44, 25, 15 లక్షలు, అదీ ఒక్కసారే. పాత పద్ధతిలోలాగా నెలనెలా జీవితాంతం వచ్చే పెన్షన్ లేదు. డ్యూటీలో ప్రాణమిచ్చిన మొదటి అగ్నివీర్ మహారాష్ట్రకు చెందిన గావటే అక్షయ్ లక్ష్మణ్. 2023 అక్టోబరులో అతను పోయింది కూడా సియాచిన్‌లోనే. పక్కపక్క గుడారాల్లో ఒకే చలికి వణికే ఇద్దరు జవాన్లలో పాతవాడి వేలు పోతే ఒక లెక్క, కొత్తవాడి వేలు పోతే ఇంకో లెక్క. పద్దెనిమిదేళ్లకే చేరి ఇరవై రెండేళ్లకు తిరిగొచ్చేవాడికి ముందు నలభై ఏళ్ల కూలిబతుకు ఉంటుంది. నాగలి పట్టాలన్నా, బెంగుళూరులో ఇటుకలు మోయాలన్నా కావాల్సినవి ఆ వేళ్లే. పదిహేను లక్షలు చికిత్సకూ అప్పులకూ కరిగిపోయాక ఆ వేళ్ల తరఫున నెలనెలా మాట్లాడేదేదీ మిగలదు. ఇది సరిచేయాల్సిన అన్యాయం. కేంద్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వుతో సరిచేయగలిగింది కూడా.

మురళీ నాయక్‌తో పాటు చేరిన మొదటి అగ్నివీర్ల నాలుగేళ్ల గడువు 2026 చివరి నుంచి తీరడం మొదలవుతుంది. పెనుకొండ, గోరంట్ల, సోమందేపల్లె బస్టాండ్లలో ఆకుపచ్చ ట్రంకు పెట్టెలు దిగుతాయి. ఇంటికొచ్చిన పిల్లవాడి పాదాలు చూసి తల్లి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. వేలు మొద్దుబారిన రోజున యూనిట్‌లో ఇంజురీ రిపోర్టు రాయించాడా, దాని నకలు ఆ పెట్టెలో ఉందా అని.